ఇంటిపట్టున అభిరామ్

"లోపల ఏముందో చూడకుండా ఓవెన్ ఎలా ఆన్ చేస్తారండీ?"

పొగలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. నెత్తిన స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అభిరామ్ చేతిలో ఫ్రోజెన్ పిజ్జా డబ్బా ఉంది. మధ్యాహ్నమే విమానం దిగి వచ్చాడు. సొంత ఇంట్లో, సొంత వంటగదిలో, ఎన్నడూ చూడని మనిషి తలుపు తీసుకుని వచ్చి తననే నిలదీస్తోంది.

"ముందు మీరెవరో చెప్పండి. లోపలికి ఎట్ల వచ్చిన్రు?"

"తాళంతో. మా అమ్మకి మీరే ఇచ్చారు. పక్కిల్లు."

అంటూనే కుర్చీ ఎక్కి అలారం ఆపింది. హుక్కుకి వేలాడుతున్న, ఏదో హోటల్ పేరు అచ్చేసిన టవల్ లాక్కుని, ఓవెన్‌లోంచి స్టీలు గిన్నె బయటికి తీసింది. ప్లాస్టిక్ మూత కరిగి దోసెల పిండిలోకి కారింది. ఆ పిండి ఇక దోసెకీ కాదు, దేనికీ కాదు.

ఒటావా శివారు కనాటాలో చలికాలం పిండి దానంతటది పులవదు. అందుకే అక్కడి తెలుగువాళ్లు గిన్నెని ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు ఒక్కటీ వేసి ఉంచుతారు. ఆ లైటు వేడి చాలు, తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఆ ఇళ్లలో ఎవరైనా సరే ఓవెన్ వెలిగించే ముందు తలుపు తీసి లోపలికి తొంగిచూస్తారు. ఇంట్లో కాపురం ఉండే మనిషి ఎవడూ ఈ తప్పు చేయడు. అభిరామ్ ఆ ఇంటిని కొన్నాడు గానీ అందులో కాపురం ఎప్పుడున్నాడు?

"నా ఓవెన్‌లో మీ పిండి ఎందుకుంది?" అన్నాడు.

"మాది పాడైంది. మీదానికి కొన్న రోజు అంటించిన స్టిక్కర్ కూడా ఊడలేదు. ఇక్కడ మనిషంటూ ఉండడనుకున్నాం. మా పొరపాటే."

ఆమె పేరు దమయంతి. కాకినాడ పిల్ల. ఒటావాలో గవర్నమెంట్ ఆఫీసులో డేటా అనలిస్ట్. తల్లి బాలత్రిపురసుందరి గారితో కలిసి ఉంటుంది. చలికాలంలో ఇంట్లో ఎవరూ లేకపోతే పైపులు గడ్డకట్టి పగులుతాయి, ఎవరూ వచ్చి చూసుకోకపోతే ఇన్సూరెన్సువాడు పైసా ఇవ్వడు. అందుకని అభిరామ్ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి ఊళ్లమీద పడ్డాడు. ఆవిడకో కూతురుందన్న సంగతి అడిగి తెలుసుకునే తీరిక అతనికి ఎక్కడిది?

నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చి, టెలికాం కంపెనీలో చేరి, దేశదేశాల్లో కంపెనీ పరికరాలు బిగించి వచ్చే ఉద్యోగం సంపాదించాడు అభిరామ్. అదేదో తానే కనిపెట్టిన ఘనకార్యంలా చెప్పుకునేవాడు. ఎయిర్‌లైన్ వాళ్లు తరచూ ఎగిరేవాళ్లకిచ్చే పెద్ద తరగతి కార్డు ఒకటుంది అతనికి. ఎవరైనా బాగున్నావా అంటే ఆ కార్డు గురించి చెప్పేవాడు. ఇంట్లో కూర్చునేవాళ్లంటే అతని దృష్టిలో కుండీల్లో మొక్కలు.

పిండి పోగొట్టినందుకు సారీ చెప్పడానికి మర్నాడు డ్యూటీఫ్రీ చాక్లెట్ పట్టుకుని వెళ్లాడు. అక్కడా అదే పాట మొదలెట్టాడు.

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం చూశారు?" అడిగింది దమయంతి.

"ఎయిర్‌పోర్టు లాంజ్ చాలా బాగుంటది."

"సింగపూర్లో?"

"అక్కడ లాంజ్‌లో షవర్ కూడా ఉంటది."

"అయితే ప్రపంచమంతా తిరిగి స్నానాలు చేసొస్తున్నారన్నమాట. కాశీ వెళ్లినవాళ్లు చేసేదీ అదే, కాకపోతే వాళ్లకి పుణ్యమైనా వస్తుంది."

బాలత్రిపురసుందరి గారు నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయారు. అభిరామ్‌కి ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, దెప్పడానికి తగిన మాట కోసం సాయంత్రమంతా వెతుక్కున్నాడు. దొరకలేదు.

జనవరిలో అతని గాలి తీసేస్తూ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఖర్చులు తగ్గించడానికి ప్రయాణాలన్నీ ఆపేశారు. తిరిగి చెప్పేదాకా అందరూ ఎక్కడివాళ్లక్కడే.

ఆ మొదటి వారం అభిరామ్‌ని చూస్తే శత్రువుకైనా జాలేసేది, దమయంతికి తప్ప. స్నానం చేసి తడి టవల్ బాత్రూం నేలమీద వదిలేశాడు. అది అక్కడే ముక్కిపోయింది. సబ్బు అయిపోతే కొత్తది దానంతటది రాలేదు. తిన్న ప్లేటు పడకగది గుమ్మం బయట పెట్టి పడుకున్నాడు. పొద్దున్న గిన్నె పట్టుకుని వచ్చిన బాలత్రిపురసుందరి గారు దాన్ని చూసి ఆగిపోయారు.

"ఈ ప్లేటు ఇక్కడ ఎందుకుంది బాబూ? కాకికి పెట్టావా?"

"అలవాటు, ఆంటీ. హోటల్లో గట్లనే పెడతం."

"ఇక్కడ ఎవరొచ్చి తీస్తారని?"

అతను వంగి ప్లేటు తీసుకున్నాడు. ఆవిడ గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైటు వేశారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావు. ఓవెన్ జోలికి వెళ్లకుండా చూడు. దీన్నైనా కాపాడు."

కంపెనీ పనికిరాని మనిషిగా కూర్చోబెట్టిన ఇంజనీరుకి అలా పిండికి కాపలా ఉద్యోగం దొరికింది. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తెలియకుండానే మధ్యమధ్య లేచి అద్దంలోంచి చూడటం మొదలుపెట్టాడు. పిండి ఎప్పుడు పొంగుతుందో కంటికి తెలియదు. చూసినప్పుడల్లా కొంచెం పైకి వచ్చి ఉంటుంది. ఒక రోజు అంచు దాటబోతుంటే వేరే గిన్నెలోకి సగం తీసి, పొర్లకుండా ఆపాడు. ఆ సంగతి చెప్పడానికి దమయంతి ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"పొంగిపోయేది. నేనే పట్టుకున్న."

"అబ్బో. దీనికేమన్నా కార్డు ఇస్తారేమో కనుక్కోండి."

అయినా ఆ రోజు వేసిన మొదటి దోసె అతనికే పెట్టింది.

రెండిళ్లకీ కలిపి ఒకటే డ్రైవ్‌వే. మంచు పడ్డప్పుడల్లా పార తీసుకుని ఇద్దరూ దిగేవాళ్లు. అతను తన వైపు మంచు తీసి ఆమె వైపు పోసేవాడు. ఆమె నోరెత్తకుండా మొత్తం తిరిగి అతని కారు మీద పోసేది. "ఇన్ని దేశాలు చూశారు, పార ఎటువైపు తిప్పాలో ఎక్కడా చూపించలేదా?" అనేది. మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. బోసి కిటికీలు చూడలేక ఆమె ఒక శనివారం పాత కర్టెన్లు తెచ్చి తగిలించింది. ఎండ పల్చబడి వంటగది గచ్చు మీద పరుచుకుంది. ఆ ఇంట్లో మధ్యాహ్నం అలా ఉంటుందని అభిరామ్ అప్పుడే చూశాడు. కుర్చీ అక్కడికి జరుపుకుని, టీ చల్లారేదాకా ఏ పనీ లేకుండా కూర్చున్నాడు. హాయిగా ఉంది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గేసింది.

పక్కింటి ఓవెన్ ఎప్పుడో బాగైంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పిండి మాత్రం వస్తూనే ఉంది.

ఫిబ్రవరి చివర్లో దమయంతికి ఆఫీసు పని మీద, విమానంలో వెళ్లాల్సినంత దూరంలో ఉన్న రెజైనాలో నెల రోజులు పడింది. ఆ మాట విన్న సాయంత్రం, మంచు తీస్తూ తీస్తూ, పార పక్కన పెట్టి అడిగేశాడు అభిరామ్.

"దమయంతీ, నాకు నువ్వంటే ఇష్టం. పెండ్లి చేసుకుందామా?"

ఆమె తన పార ఆపలేదు. "ఊళ్లు తిరిగే పని ఆగిపోయి, తోచక అడుగుతున్నావా?"

"కాదు."

"నీకెలా తెలుసు కాదని? రేపు టికెట్ పంపిస్తే ఎల్లుండికి ఎక్కడుంటావో నీకే తెలీదు." అప్పుడు ఆగింది. "మా నాన్న షిప్పుల్లో పనిచేశారు. మంచివారే. వచ్చినప్పుడల్లా బొమ్మలు తెచ్చేవారు, నేను ఏ క్లాసో అడిగి తెలుసుకునేవారు. ఆయన పోయేదాకా మా అమ్మ గుమ్మం చూస్తూనే ఉంది. ఆ బతుకు మా ఇంట్లో ఒకరికి చాలు."

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడు మాట ఇవ్వకు. మాటలు ఎయిర్‌పోర్టులో కూడా ఇస్తారు. నేను తిరిగొచ్చేసరికి నువ్విక్కడ ఉంటే మాట్లాడుకుందాం. లేకపోతే మాట్లాడుకునేదేమీ ఉండదు."

ఆమె తిరిగొచ్చే ఆదివారానికి మూడు రోజుల ముందు మేనేజర్ కోదండరామ్ ఫోన్ చేశాడు. ప్రయాణాలకి మళ్లీ అనుమతి వచ్చింది. లిస్బన్‌లో పెద్ద ప్రాజెక్టు, బిజినెస్ క్లాస్, ఆదివారం సాయంత్రం ఫ్లైటు. అది ముగించుకొస్తే టీమ్ లీడ్ పోస్టు అతనిదే.

కుక్క తోక వంకర ఊరికే పోతుందా? "ష్యూర్ అండీ" అన్నాడు అభిరామ్, పూర్తిగా వినకముందే. ఫోన్ పెట్టేశాకే ఆదివారం అన్న మాట తలకెక్కింది. దమయంతికి మెసేజ్ పెడదామని ఫోన్ తీశాడు. ఏం రాసినా షిప్పులోంచి రాసినట్టే ఉంది. రాయకుండా పెట్టె సర్దడానికి కూర్చున్నాడు. తలుపు తెరిచి అది చూసిన బాలత్రిపురసుందరి గారు, ఆదివారం లిస్బన్ అని అతను చెప్పగానే ఒక్క మాటా అనకుండా వెనక్కి వెళ్లిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

వెనకటికైతే అతని పెట్టె కళ్లు మూసి తెరిచేలోగా సిద్ధమయ్యేది. అసలు విప్పితేగా సర్దడానికి. ఇప్పుడు ఏదీ ఒక్కచోట దొరకలేదు. చార్జర్ వంటగదిలో ఓవెన్ పక్కన ఉంది. కళ్లజోడు కిటికీ గట్టు మీద ఉంది. చెప్పులు పక్కింటి గుమ్మంలో ఉన్నాయి. షేవింగ్ సామాను పెట్టుకునే ప్రయాణపు సంచీలో ఆవాలు పోసుకున్నాడు. అన్నీ ఏరి మంచం మీద కుప్ప వేశాడు. ఖాళీ అయిన చోట్లన్నీ కనిపిస్తున్నాయి. కర్టెన్లు లేనప్పుడు ఆ ఇల్లు ఎలా ఉండేదో మళ్లీ అలాగే అయింది.

దమయంతి కోపం గుర్తొచ్చి భయపడ్డాడా అంటే, భయపడ్డాడు. అయితే ఆ కుప్ప ముందు కూర్చున్నప్పుడు అంతకన్నా చిన్న సంగతి ఒకటి తెలిసింది. అతనికి వెళ్లాలని లేదు. ఒక్కరూ ఆపకపోయినా వెళ్లాలని లేదు.

"నేను లిస్బన్ పోను, సర్," అన్నాడు ఫోన్‌లో.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇంట్లో ఉండాలని ఉంది."

"ఇంట్లో ఏం పని?"

"పనేం లేదు."

లీడ్ పోస్టు ప్రజ్వల్‌కి పోతుందనీ, అభిరామ్ ల్యాబ్‌లోనే ఉండాల్సి వస్తుందనీ కోదండరామ్ నెమ్మదిగా చెప్పాడు. ప్రజ్వల్ అభిరామ్ కిందే పని నేర్చుకున్నవాడు. అయినా అభిరామ్ సరేనన్నాడు. తర్వాత లేచి చార్జర్ తీసుకెళ్లి ఓవెన్ పక్కన పెట్టాడు.

ఆదివారం బాలత్రిపురసుందరి గారిని కారెక్కించుకుని ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు. ఆవిడ దారంతా ముభావంగానే ఉన్నారు. అలవాటు కొద్దీ అతను కారుని డిపార్చర్స్ ర్యాంపు ఎక్కించాడు.

"బాబూ, ఇప్పుడు మనం ఎక్కడానికి రాలేదు," అన్నారావిడ.

విమానం ఆలస్యం. టొరంటోలో మంచట. మామూలుగా అయితే కౌంటరు దగ్గరికెళ్లి కార్డు చూపించి నాలుగు మాటలు అనేవాడు. ఇక్కడ కార్డు చూసేవాడే లేడు. వచ్చేవాళ్లు బయటికి నడిచే తలుపు ముందు, పూలు పట్టుకున్నవాళ్ల మధ్య నిలబడ్డాడు. ఎన్ని వందలసార్లు ఇలాంటి తలుపుల్లోంచి ఫోన్ చూసుకుంటూ బయటికి వచ్చాడో లెక్కలేదు. ఈవైపు ఒక్కసారీ నిలబడలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాగుతోంది. ఆమె కాదు. మళ్లీ ఆమె కాదు.

"ఆంటీ, ఎదురుచూసుడు ఇంత కష్టమా?"

"ఇప్పుడు తెలిసిందా. నేను పాతికేళ్లు చూశాను. మెడనొప్పి తప్ప ఏం మిగల్లేదు." మళ్లీ తలుపు వైపే చూస్తూ, "నీకు ఇవాళ లిస్బన్ కదా," అన్నారు.

"పోతలేను, ఆంటీ."

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూశారు. చేతిలో ఉన్న సంచీ అతనికి అందించి కుర్చీలో కూర్చున్నారు.

తలుపు తెరుచుకుంది. దమయంతి తల వంచుకుని పెట్టె లాక్కుంటూ వచ్చింది. తల్లి కోసం చూసి, అభిరామ్‌ని చూసి, అక్కడే ఆగిపోయింది. వెనకవాళ్లు ఆమెని తప్పుకుని వెళ్తున్నారు.

"సర్దుకుంటున్నావని అమ్మ చెప్పింది," అంది దగ్గరికొచ్చి. "ఫ్లైట్ మిస్సయ్యావా?"

"ఎక్కలేదు."

"నా కోసం మానేశావా? అలా అయితే ఇప్పుడే చెప్పు. ప్రతి చలికాలం అది దెప్పించుకునే ఓపిక నాకు లేదు."

"నీ కోసమైతే ముందే ఫోన్ చేసి గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నా సంగతి నీకు తెల్వదా? సర్దబోతే నా సామానంతా ఎక్కడిదక్కడ కుదురుకొని ఉంది. కదిలియ్యబుద్ధి కాలేదు. అంతే."

వెక్కిరించడానికి ఆమె నోరు తెరిచింది. అంతలోనే కళ్లు తుడుచుకుంది.

"రెజైనాలో రోజూ సాయంత్రం భయమేసేది," అంది. "వచ్చేసరికి నీ ఇంట్లో లైటుండదని."

"నా మీద గంత నమ్మకం లేకపోతే భయమెందుకు?"

"నువ్వంటే ఇష్టం కాబట్టి. తెలివి లేనివాడికి అన్నీ విడమరిచి చెప్పాలి."

బాలత్రిపురసుందరి గారు లేచి వచ్చారు. ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టారు. "ముహూర్తాలు తర్వాత చూద్దాం. ముందు కారు ఎక్కడ పెట్టాడో గుర్తుందేమో అడుగు," అన్నారు.

నడుస్తుండగా దమయంతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకో సంగతి. రెజైనా పని నాకే అప్పజెప్పారు. ఇకనుంచి ప్రతి నెలా వెళ్లాలి. మంచి ఛాన్స్. వదులుకోను."

అభిరామ్ ఆ మాట నెమ్మదిగా మింగాడు. ఆ తలుపు, ఆ మెడ సాగడం, ఆమె కాదు, మళ్లీ ఆమె కాదు.

"తిరిగొస్తవు కదా?"

"వస్తాను."

"అయితే పోయి రా," అన్నాడు. "ఇంట్లో నేనుంట."