ఒక రోజు దాకా చెల్లని మాట

"ఆ మధ్య మీరు వద్దన్న సంబంధం నాదే," అంది మాస్కు వెనక నుంచి మత్తు డాక్టరు.

ఆపరేషన్ బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న స్విమ్మింగ్ కోచ్‌కి గుండె గుభేలుమంది. నీళ్లలో చేపలా తిరిగే మనిషి, ఇంటి మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అది చాలదన్నట్టు ఇదొకటి.

ఫొటో అయినా చూడకుండా పిన్నితో అనేశాడు: సూది గుచ్చి కుర్చీలో కునికే ఉద్యోగం, ఆ అమ్మాయి నాకెందుకని.

"ఆ మాట మీ దాకా వచ్చిందా?"

"మీ పిన్నిగారు మా అమ్మకి పూసగుచ్చినట్టు చెప్పారు. ముందుకి వంగండి."

"కక్ష తీర్చుకోరు కదా?"

"నడుంలో సూది దిగేటప్పుడు జోకులు వేయకూడదు. కదలకండి."

వెన్నులో చిన్న చురుక్కు. కాళ్లు వెచ్చబడి, మొద్దుబారాయి. అతన్ని పడుకోబెట్టారు.

"డాక్టరుగారూ, నా మోకాళ్లింకా మడిచే ఉన్నాయి. చాపమనండి."

ఆమె తెర కాస్త జరిపి చూపించింది. రెండు కాళ్లూ శుభ్రంగా చాపి ఉన్నాయి.

"మందు నరాల దారి మూసేసింది. కొత్త కబురు అందక మీ మెదడు పాతదాన్నే పట్టుకు వేలాడుతోంది."

"అచ్చం నాలాగే," అన్నాడు.

మాస్కు పైన కళ్లు నవ్వాయి.

కాసేపటికి చూపు మసకబారింది. "నాకేదో..." వాక్యం పూర్తికాలేదు. అప్పటికే ఆమె సెలైను గొట్టంలోకి మందు ఎక్కిస్తోంది. మానిటర్ మీద జారిన బీపీ మళ్లీ పైకి పాకింది.

"రక్తనాళాలు వదులై బీపీ పడింది. ఫర్వాలేదు, నేనున్నాను."

సర్జన్ తలైనా ఎత్తలేదు. తనెంత దూరం జారి వెనక్కొచ్చాడో ఆమెకొక్కదానికే తెలుసని కోచ్‌కి అర్థమైంది. పక్కనున్న కుర్చీలో ఆమె ఒక్కసారీ కూర్చోలేదు.

డ్రిల్లు మోత మొదలవగానే కొంచెం నిద్రమందు ఇచ్చింది. ఆ మగతలోనే అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"మత్తులో ఉన్నవాళ్ల చేత మేం సంతకం కూడా తీసుకోం. ఒక రోజు దాకా ఈ మాట చెల్లదు."

మర్నాడు ఆమె వార్డుకి వచ్చేసరికి అతని నుదుటి నిండా చెమట. దుప్పటి గుప్పిట్లో నలుగుతోంది.

"చూడమ్మా, పొద్దుటి నుంచీ నొప్పి మందు వద్దని మొండికేశాడు," అంది పిన్ని.

"ఎందుకు వద్దన్నారు?"

"ఒంట్లో చుక్క మందు లేకుండా అడగాలని," పళ్ల బిగువున అన్నాడతను. "నిన్నటి మాట నాదే, మందుది కాదు. మీ పని గురించి తెలీక వాగాను. సిగ్గుగా ఉంది. నన్ను..."

"ఆగండి." తనే సెలైనుకి మందు తగిలించింది. "ఇది నొప్పి జోలికే వెళ్తుంది, మనసు జోలికి రాదు. నన్నడిగుంటే చెప్పేదాన్ని. ఇంత నొప్పిలో అడిగిందీ నా లెక్కలో చెల్లదు."

"మరింకెప్పుడు చెల్లుతుందండీ?"

ఆమె మంచం అంచున కూర్చుని నాడి పట్టుకుంది. పిన్నికి ఉన్నట్టుండి కాఫీ మీద మనసుపోయింది. బయటికెళ్తూ తలుపు కూడా దగ్గరగా వేసింది.

నొప్పి తగ్గి, అతని బిగిసిన గుప్పిట మెల్లగా విడింది.

"ఊఁ, ఇప్పుడడగండి."

అడిగాడు.

"సరే," అంది. నాడి చూడటం ఎప్పుడో అయిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.