గుమాస్తా ఇచ్చాడన్న వాంగ్మూలం

సాయంత్రం నాలుగులోపు కావలసినవి: మార్చురీ అటెండర్ యూనిఫాం. గేటు పాస్. శవం పుర్రె తెరవడానికి ఒప్పుకునే డాక్టరు. ఆపైన, లోపల కనిపించినదాన్ని గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన నమ్మాలి. నమ్మకపోతే విమానం లేస్తుంది. అందులోని ఆరుగురు ఏజెంట్లు తిరిగి రారు.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ మేస్త్రి అని పిలిచే గూఢచారికి ఒంటిగంటకు బ్రీఫింగ్ జరిగింది.

"రహస్య సంకేతాలు రాసే మన సైఫర్ గుమాస్తాకి టీలో విషం కలిపి పద్దెనిమిది రోజులు. అప్పట్నుంచీ వెంటిలేటర్ మీదే. ఇందాక పన్నెండింటికి పోయాడు" అన్నాడు పెద్దాయన. "నిన్న స్పృహలోకొచ్చి, విమానం ఎక్కడ దిగితే క్షేమమో చెప్పాడట."

"ఎవరితో?"

"వైద్యం చేసిన డాక్టరమ్మతో."

"ఐసీయూలో కూడా ముత్యాల దండ తియ్యదు, ఆవిడేనా? ఆవిడ అవతలివాళ్ల మనిషి సార్. ఆవిడ చెప్పినచోట దిగితే మనవాళ్ల కోసం కాచుకుని ఉంటారు."

"అనుమానాలతో విమానాలు ఆపను. రుజువు తే."

మార్చురీ గుమ్మం దగ్గర గుమాస్తా అక్క అతని చెయ్యి పట్టుకుంది. "బాబూ, నిన్న మావాడు మాట్లాడాడట. అప్పుడు నన్ను బయటే నిలబెట్టారు. నా ఊసేమైనా ఎత్తాడా?"

అటెండర్ యూనిఫాంలో ఉన్న మేస్త్రి గేటు పాస్ చూపించి లోపలికెళ్లాడు.

మార్చురీ డాక్టరు పుర్రె తెరిచి మెదడును రెండు చేతుల్లోకి తీసుకోబోయాడు. అది నిలవలేదు. బూడిదరంగు జావలా వేళ్ల సందుల్లోంచి ట్రేలోకి జారింది.

"ఒళ్లు చూడు, ఇంకా వెచ్చగానే ఉంది. మెషిన్ ఊపిరి పోసింది, గుండె కొట్టుకుంది. తలలోకి మాత్రం రక్తం ఎక్కలేదు. మెదడు ఉన్నచోటే కరిగిపోయింది."

"ఎన్నాళ్లయింది?"

"రోజు చెప్పలేను. వారం పైమాటే. నిన్న మాట్లాడాడన్నవాళ్లని పంపు, ఈ ట్రే చూపిస్తా."

మూడూ యాభై ఎనిమిది. చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ ఆ ఉక్కు గోడల మధ్య మూగబోయింది. మేస్త్రి పక్కగదిలో ఫోన్ దగ్గరికి ఉరికాడు. వెనకాల గుమ్మంలో ముత్యాల డాక్టరు, చేతిలో పిస్టల్.

"ఆలస్యం చేశావు మేస్త్రీ."

అతను తలుపును కాలితో తన్నాడు. అది ఆమె మణికట్టుకు తగిలి పిస్టల్ ఎగిరిపడింది. తలుపు గడియ పెట్టి రిసీవర్ అందుకున్నాడు.

"వాన వెలిసింది!" రుజువు దొరికిందనడానికి ముందే అనుకున్న సంకేతం అది. "విమానం ఆపండి!"

"చక్రాలు కదిలాయయ్యా!" అన్నాడు అవతల పెద్దాయన.

"ఆపండి సార్. మాట్లాడటానికి గుమాస్తాకి మెదడే మిగల్లేదు."

విమానం ఆగింది.

అక్కకు నిజం చెప్పే పని కూడా మేస్త్రికే పడింది.

"అయితే ఇన్నాళ్లూ నేను రోజూ కబుర్లు చెప్పింది ఎవరికి బాబూ?"

డిపార్ట్‌మెంట్ ఫైల్లో మాత్రం 'స్పృహలోకి వచ్చి రహస్యం బయటపెట్టెను' అన్న వాక్యం అలాగే ఉంది. కొట్టేస్తే పెద్దాయన మోసపోయినట్టు ఒప్పుకోవాలి. ఆయనకు ప్రమోషన్ దగ్గరపడింది.

కనుక మీరైనా గుర్తుంచుకోండి: ఆ గుమాస్తా ఎవరికీ, ఏమీ చెప్పలేదు.