సైరన్ ఆపని దొంగ

పాటల ప్లేయరుకు ముందుండే పలకను ఊడదీసి ఇంట్లో సొరుగులో పెట్టాలి. ఆంప్లిఫయరును సీటు కింద ఇనుపపెట్టెలో దాచాలి. పెద్ద బాస్ స్పీకరును మామూలు రెంచీకి లొంగని బోల్టులతో బిగించాలి. ఎవరు కదిపినా మోగేలా సైరన్ పెట్టి, దాన్ని ఆపే మీటను రహస్యంగా ఉంచాలి. చివరగా టార్పాలిన్ కప్పి తాడు కట్టాలి.

పైకప్పు లేని జీపుకు సౌండ్ సిస్టం పెట్టించుకున్న ఫొటోగ్రాఫరు ఇవన్నీ చేశాడు. అయినా పట్టపగలు, అతను పనిమీద బయటికెళ్ళినప్పుడు, సొంత ఇంటి ఆవరణలోనే మొత్తం మాయమైంది.

"అందులో మా నాన్న పాడిన పాట ఉంది మేడం. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు" అన్నాడు డిటెక్టివుతో. ఒకప్పుడు లెక్కలు చెప్పినావిడ కాబట్టి ఊరంతా ఆమెను లెక్కల మేడం అనేవారు. వెంట వచ్చిన మేనల్లుడు ఆమెకు సహాయకుడు.

"అనుమానం ఎవరిమీద?"

"ఇంకెవరు, మా డ్రైవరే. ఆ బోల్టులు విప్పే రెంచీలు రెండే. ఒకటి వాడి దగ్గర, ఒకటి వంటింట్లో మేకుకి. సైరన్ మీట తెలిసింది వాడికీ నాకూ మాత్రమే. సాయంత్రానికి వీణ్ణి పోలీసులకి అప్పజెప్తాను."

గేటు దగ్గర నిలబడ్డ డ్రైవరు తల ఎత్తలేదు. "ఉప్పు తిన్న ఇంటికే కన్నం వేస్తానా మేడం? నేను అన్నానికి వెళ్ళొచ్చేసరికే ఇలా ఉంది."

మేడం టార్పాలిన్ ముడి విప్పింది. ఊడదీసిన బోల్టులు మళ్ళీ వాటి కన్నాల్లోనే బిగించి ఉన్నాయి. వైర్ల కొసలకు విడివిడిగా టేపు చుట్టి ఉంది.

"ఎంత తీరుబడి దొంగో అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు.

ఎదురింటి టైలరును అడిగితే నవ్వాడు. "సైరనా? చెవులు తూట్లు పడేలా మోగింది. పిల్లి దూకినా మోగుతుంది కదండీ, ఎవరు పట్టించుకుంటారు? చాలాసేపటికి దానంతటదే ఆగింది."

ఇంట్లో సొరుగు తెరిస్తే ముందు పలక కూడా లేదు. గోడమీద పాత ఫొటో ఉంది. రేడియోలు బాగుచేసే బల్ల ముందు ఫొటోగ్రాఫరు తండ్రి, పక్కన స్క్రూడ్రైవరు పట్టుకుని తల్లి.

ఆ తల్లే అటు తిరిగి టీ కలుపుతోంది. "నాకు పంచదార వద్దండీ" అన్నాడు మేనల్లుడు. ఆమె నిండా రెండు చెంచాలు వేసి అందించింది. అతను అలాగే తాగేశాడు.

"దొంగను చూశారా అమ్మగారూ?" అంది మేడం.

"ఊఁ, తాగు తల్లీ" అని ఆమె నవ్వింది.

మేడం అందరినీ వసారాలోకి పిలిచింది. తల్లి వీధివైపు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"డ్రైవరే దొంగైతే ముందు మీట నొక్కేవాడు. బయటి దొంగైతే సైరన్ మోగగానే కాలికి బుద్ధి చెప్పేవాడు. ఈ మనిషి రెండూ చేయలేదు. అంత మోతలో నింపాదిగా టేపు చుట్టి, ముడి వేసి వెళ్ళారు. ఎందుకంటే..."

మేడం బల్లమీది స్టీలు పళ్ళేన్ని కిందకు తోసింది. ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు. తల్లి కళ్ళద్దాలు తుడుస్తూనే ఉంది.

"అమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫరు. మళ్ళీ పిలిచాడు. చివరికి వెళ్ళి ఆమె ఎదుట మోకాళ్ళమీద కూర్చున్నాడు. "ఎప్పట్నుంచమ్మా?"

ఆమె అతని పెదాలు చూసి గ్రహించింది.

"నిరుటి నుంచిరా. చెప్తే డాక్టర్ల చుట్టూ తిప్పుతావని చెప్పలేదు. జీపులో మీ నాన్న పాట పెట్టి బాగుందా అంటావు, తలూపేదాన్ని. ఓరోజు ఆ పెద్ద స్పీకరుమీద చెయ్యి పడింది. ఆయన గొంతు చేతికి తగిలిందిరా. కానీ జీపు కదిలితే అంతా కుదుపే. ఇంట్లో ఆయన రేడియోల గదిలో ఒక్కసారి విని, సాయంత్రానికి బిగించేద్దామనుకున్నా."

"నేను వీణ్ణి దొంగన్నానమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి డ్రైవరు రెండు చేతులూ పట్టుకుంది. "నిన్నంటుంటే కూడా నాకు వినపడలేదు నాయనా."

రేడియోల పాత గదిలో, ఆయన బల్లమీదే ఉంది సామానంతా. ఆమె వైరు కలిపింది. ఫొటోగ్రాఫరు డ్రైవరు చేయి పట్టుకుని తీసుకెళ్ళి స్పీకరుమీద తన చేతి పక్కనే ఆనించాడు. మేనల్లుడూ అరచేయి ఆనించాడు. ఎన్నడూ చూడని మనిషి పాట ఎముకల్లోంచి పాకి గుండెదాకా వచ్చింది. అతనికి ఊపిరి తీసుకోవడం కూడా తప్పనిపించింది. తల్లి కళ్ళు మూసుకుని, సరిగ్గా తాళానికి తలూపుతోంది.

ఏదో బండి వీధిలో దడదడలాడిస్తూ పోయి మీ గుండెల్ని అదిరిస్తే, విసుక్కునే ముందు ఒక్కసారి ఆ అమ్మను గుర్తుచేసుకోండి.