వదిన చేతి వాచీ

కింది అంతస్తు నెబాహత్ అన్నదట, పాడైపోయిన వాచీ కట్టి మరీ ఆ కోడలు ఆడపడుచుని సముద్రంలోకి దింపిందని. ఈ మాట ఆవిడ ఫెరిహా మొహాన అనలేదు. రొట్టెల కొట్టులో అన్నది. కొట్టావిడ పొట్లం చుడుతూ, మొహానికి జాలి పులుముకుని, ఫెరిహా చెవిన వేసింది. దెనిజ్లి ఊళ్ళో ఆ వీధి సంగతే అంత. రొట్టె వేడి తగ్గేలోపు మాట మూడు మేడలు ఎక్కి దిగుతుంది.

ఫెరిహా ఇల్లు చేరేసరికి కోడలు నిల్గున్ గాజు గ్లాసుల్లో టీ పోస్తోంది. కొడుకు తారిక్ ఆలివ్ గింజలు పళ్ళెం అంచున వరసగా పేరుస్తున్నాడు. కూతురు ఐసున్ ఎడమ కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. పక్కన చేతికర్ర. తొమ్మిదేళ్ళు ఆ పేటలో మెట్లెక్కి దిగి ఇంటింటికీ ఉత్తరాలు పంచిన పిల్ల. కాష్‌లో సముద్రం ఒడ్డున సెలవులు గడిపి వచ్చి నెల తిరగలేదు, తపాలా ఆఫీసువాళ్ళు కిటికీ వెనక కుర్చీ చూపించారు. పాదం ఈడుస్తోంది. ఎప్పటికి బాగవుతుందంటే డాక్టర్లు "చూద్దాం" అంటున్నారు.

ఫెరిహా రొట్టెను బల్ల మీద పడేసింది.

"ఊరంతా అంటున్న మాట నా ఇంట్లో నేనెందుకు మింగాలి? తారిక్, దీన్ని పుట్టింటికి పంపు. నా కూతురు కాలు నేలకు ఆనేదాకా దీని మొహం చూడలేను."

"ముందు టీ తాగమ్మా."

"తాగితే కాలొస్తుందా?"

నిల్గున్ అత్తగారి గ్లాసులో రెండు చక్కెర బిళ్ళలు వేసి ముందుకు జరిపింది.

తారిక్ జేబులోంచి నిల్గున్ డైవింగ్ వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న బాగుచేసేవాడికి చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు. లోతూ టైమూ అన్నీ సరిగ్గానే రాసుకుందట." పెళ్ళాం వైపు చూశాడు. "ఇంకో మాట అడిగాడు. ఆ రోజు పొద్దున ఇది ఎవరి చేతికి ఉందని."

"నా చేతికి" అంది నిల్గున్.

ఆ రోజు పడవ మీద ఇంట్లోవాళ్ళు నలుగురూ, నీళ్ళలోకి దింపే గైడూ ఉన్నారు. పొద్దున ఐసున్ చేతికి అద్దె పరికరం, వీపున గాలి సిలిండరు కట్టుకుని ఒకసారి సముద్రం లోతుకు దిగి వచ్చింది. నిల్గున్ కడుపులో తిప్పుతోందని దిగలేదు. తారిక్‌ది చెవినొప్పి, మాత్ర మింగి కింద గదిలో పడుకున్నాడు. ఆ పరికరమైనా ఈ వాచీ అయినా వేసే లెక్క ఒకటే. నీళ్ళ అడుగున పీల్చిన గాలి ఒంట్లో ఎంత మిగిలి ఉంది, మళ్ళీ దిగితే ఎంతసేపు ఉండొచ్చు అని. ఆ హద్దు దాటితే పైకొచ్చాక కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. తనను కట్టుకున్న ఒంటి సంగతే దానికి తెలుసు. మధ్యాహ్నం దిగబోయే ముందు అద్దె పరికరం ఐసున్‌కు ఇరవై నిమిషాలే చూపించింది. పొద్దునంతా నీరు తగలని నిల్గున్ వాచీ మాత్రం అదే లోతుకు నలభై ఇస్తానంది.

"ఈ డొక్కు నాకొద్దు. నీ వాచీ ఇవ్వు వదినా."

"నువ్వు పొద్దున దిగావని దానికి తెలీదు ఐసున్. దిగేది నేననుకుంటుంది."

"అనుకోనీ. నీ పేరు చెప్పుకుని ఇంకో ఇరవై నిమిషాలు చేపల్ని చూస్తాను."

పుచ్చకాయ కోస్తున్న ఫెరిహా కత్తి ఆపింది. "ఇవ్వవే, అరిగిపోతుందా? పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నీ వస్తువు ఒక్కటీ నీ చెయ్యి దాటదు."

నిల్గున్ వాచీ విప్పి ఇచ్చింది. అడుగున గైడు పైకి పదమని సైగ చేస్తే ఐసున్ వాచీ చూపించింది, ఇంకా బోలెడు టైముందని. అతను సరేనని వెనక వస్తున్న జట్టుతో రమ్మన్నాడు. సాయంత్రం అద్దింటి మెట్ల దగ్గర ఒక కాలు పైకి లేచింది, రెండోది లేవలేదు. అర్ధరాత్రి అంటాల్యా ఆసుపత్రి, గాలి బిగించిన ఇనప గదిలో మూడు రోజులు చికిత్స.

"అమ్మా" అంది ఐసున్. "వదిన చెప్పింది. దానికి నా సంగతి తెలీదని చెప్పింది. నేనే నవ్వేశాను."

ఫెరిహా కూతురి వైపు తెల్లబోయి చూసింది. "వచ్చిన దగ్గర్నుంచీ నేను దీన్ని దుమ్మెత్తి పోస్తుంటే నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"చెప్తే నా కాలు నేనే పోగొట్టుకున్నట్టు కదమ్మా. తప్పు వదిన మీద ఉంటే రాత్రిళ్ళు కాస్త నిద్రపట్టేది."

ఐసున్ బల్ల మీదుగా చెయ్యి చాచి నిల్గున్ వేళ్ళు పట్టుకుంది. ఏడుపు ఆగడం లేదు. తారిక్ లేచి కిటికీ దగ్గరకు పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఫెరిహా రొట్టెను దగ్గరకు లాక్కుంది. తర్వాత ఒక ముక్క తుంచి, దానికి జున్ను పెట్టి, కోడలి పళ్ళెంలో వేసింది. పెళ్ళైన ఆరేళ్ళలో ఆ పని ఆవిడ చెయ్యడం అదే మొదలు.

"తిను" అంది. "నా నోరు మంచిది కాదు. నెబాహత్ సంగతి నేను చూసుకుంటాను."

నిల్గున్ ఆ ముక్క చేతిలోకి తీసుకుంది.

"అయినా ఒకసారి చెప్పి ఊరుకున్నావేమే పిచ్చిదానా" అంది ఫెరిహా. ఈసారి గొంతులో కోపం లేదు. "గైడు నీ పక్కనే నిలబడ్డాడు. వాచీ మార్చిందని వాడి చెవిలో ఒక్క మాట వేసి ఉంటే దిగనిచ్చేవాడా?"

అవునంటే సరిపోయేది. తోచలేదు అత్తయ్యా అంటే అందరూ నమ్మేవారు. నిల్గున్ ఆ ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"చెబుదామనే లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఐసున్‌కు కాస్త ఒళ్ళు పాడైతే గానీ నా మాటకు ఈ ఇంట్లో విలువ రాదనిపించింది. కాస్తే పాడవుతుందనుకున్నాను అత్తయ్యా."