పద్నాలుగు వందల కిలోమీటర్ల కాపురం

ఉదయం ఎనిమిదింటికి రహస్యలిపి గుమస్తాను అతని బల్ల దగ్గరే కాల్చి చంపారు. రాడార్ కేంద్రాల మైక్రోఫిల్మ్ మాయమైంది. ఉన్నది ఆ ఒక్క కాపీయే. పదింటికల్లా ఏజెంట్ విమానంలో ఉన్నాడు, పక్కసీట్లో భార్యతో.

భార్య అంటే ఆ ఒక్క ప్రయాణానికే. ఆమెదీ అదే డిపార్ట్‌మెంట్. ఎన్ని భాషలైనా పలుకుతుందని చిలక అంటారు. గంటలకొద్దీ కదలకుండా కాపు కాస్తాడని అతన్ని కొంగ అంటారు. ఫిల్మ్ కాజేసినవాడు ఇదే ఫ్లైట్‌లో ఉన్నాడని, దంపతుల వేషంలో కనిపెట్టమని చీఫ్ ఆర్డర్. దూరం పద్నాలుగు వందల కిలోమీటర్లు. ప్రయాణం రెండు గంటలు.

పొద్దున ఏమైనా తిన్నారా అని అడిగింది చిలక. వేషంలో భాగమే. అయినా పన్నెండేళ్ల సర్వీసులో ఆ మాట అడిగినవాళ్లు లేరు. లేదన్నాడు. ఆమె తన బ్రెడ్డు సగం తుంచి ఇచ్చింది.

పదకొండుంపావుకి ఎయిర్‌హోస్టెస్ వచ్చి సూట్‌కేసు తాళం సరిగ్గా పడలేదని చెప్పింది. అది కోడ్. కొంగ కాక్‌పిట్‌లోకి వెళ్లాడు. రేడియోలో చీఫ్.

"ఫిల్మ్ నీ పెళ్లాం దగ్గరే ఉంది."

ఆమె గదిలో కాగితాలు దొరికాయట. విమానంలో దొంగ ఉన్నాడన్న కబురు ఆమె పుట్టించిందే. దిగగానే ట్రాన్సిట్ హాల్లో ఒక విదేశీ దౌత్యాధికారికి సరుకు అందిస్తుంది. అతని ఫ్లైట్ పన్నెండున్నరకి. అతన్ని ముట్టుకునే అధికారం మనకి లేదు. ఫిల్మ్ ఉన్నది లిప్‌స్టిక్ గొట్టంలో. మూత ఒక చుట్టు ఎదురు తిప్పితే యాసిడ్‌లో కరిగిపోతుంది, అందుకే దిగేదాకా ఆమెకి అనుమానం రానివ్వకూడదు.

ఆలస్యం చేయగలరా అని కొంగ పైలట్‌ని అడిగాడు.

"దూరం పెంచడం నా వల్ల కాదు. టైమంటారా, ఇక్కడిక్కడే తిప్పుతాను. ఎంతసేపు?"

తలుపు సందులోంచి కొంగ ఆమెవైపు చూశాడు. ఖాళీ అయిన తన సీటు మీద ఎవరూ కూర్చోకుండా చెయ్యి ఆనించి ఉంది.

"గంట," అన్నాడు.

రన్‌వే ఖాళీ లేదని ప్రకటించారు. చిలక రెండుసార్లు వాచీ చూసుకుంది. తర్వాత, చేసేదేమీ లేక, మాటల్లో పడింది. వాళ్లమ్మ పోయినప్పుడు తను వేరే పేరుతో వేరే దేశంలో ఉన్నాననీ, వెళ్లలేకపోయాననీ చెప్పింది. అన్నయ్య పిల్లల దృష్టిలో తను ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసే బాబాయినని కొంగ చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కింద ఊరు గుండ్రంగా తిరుగుతోంది.

ఒంటిగంటకి చక్రాలు నేలని తాకాయి. విదేశీ విమానం నిలవాల్సిన చోటు ఖాళీగా ఉంది. చిలక ముఖం మారింది. చెయ్యి బ్యాగులోకి పోయింది. మూత ముప్పావు చుట్టు తిరిగేసరికి ఆమె మణికట్టు కొంగ గుప్పిట్లో ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పదకొండుంపావు నుంచి."

"మరి ఇందాక చెప్పిన మాటలు?"

"అవి నిజమే."

ఆమె వేళ్లు సడలాయి. "నావీ నిజమేనండీ," అంది.

మెట్ల దగ్గర ఇద్దరు ఆఫీసర్లు ఆమెను తీసుకెళ్లారు. ఆమె వెనక్కి తిరగలేదు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు. ముప్పై నిమిషాలు తిప్పితే సరిపోయేదిగా, గంటసేపు ఎందుకు తిప్పించావని అడిగాడు.

"ఎదురుగాలి సార్," అన్నాడు కొంగ.