ఐస్‌పెట్టెలో స్ట్రాబెర్రీ

మధురవాడ ల్యాబ్‌లో మొక్కలు పెంచే గ్రోత్ ఛాంబర్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఖాళీ.

"వైజాగ్ ఎండకి తట్టుకుని కాసిన స్ట్రాబెర్రీ మొక్కలు. ఇంకెక్కడా లేవు," అన్నారు సైంటిస్ట్ భీమశంకరరావు. "సెన్సర్ ట్రేతో సహా ఎత్తుకుపోయారు."

ఏజెంట్ పోలిరాజు ఇయర్‌పీస్‌లో చీఫ్ నర్గీస్ మాట్లాడుతోంది.

"విదేశీ విత్తనాల ముఠా. బయట సముద్రంలో ఓడ కాచుకునుంది. గూఢచారిగా ముఠాలో చేరిన మన ఖుష్నుమా నిన్నటి నుంచి లైన్లో లేదు. మనవైపే ఉందో, అటు తిరిగిపోయిందో తెలీదు."

ఖుష్నుమాని ఆ ముఠాలోకి పంపింది పోలిరాజే.

భీమశంకరరావు ట్యాబ్ అందించారు. ట్రేలోని సెన్సర్లు ఇంకా రీడింగులు పంపుతున్నాయి. వెలుతురు సున్నా. టెంపరేచర్ గబగబా పడిపోతోంది.

"ఐస్‌లో పెట్టారు! చేపల పెట్టెల్లో ఓడకి చేరుస్తారు!" పోలిరాజు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం జోరుగా సాగుతోంది. లుంగీ, తలపాగా, చేతిలో ఐస్ కొక్కెంతో కూలీ వేషం. ఐస్‌పెట్టెల మూతలు వరసగా ఎత్తుతూ పోయాడు పోలిరాజు. అసలు పెట్టె తెరిస్తే ట్యాబ్‌లో వెలుతురు అంకె లేవాలి.

వంజరం. సున్నా. రొయ్యలు. సున్నా.

"ఏటి సేత్తన్నావ్ బావా, నా పెట్టెల్లో?" బోటు నడిపే సరంగు ఎల్లాజీ అడ్డొచ్చాడు.

పోలిరాజు కళ్లు ట్యాబ్ మీదే ఉన్నాయి. తను ఏ మూతా ఎత్తకుండానే అంకె లేచింది. పడింది. మళ్లీ లేచింది.

తల తిప్పాడు. జెట్టీ వదిలి కదులుతున్న బోటు మీద, నల్లకళ్లద్దాల ఖుష్నుమా ఒక పెట్టె మూత తీసి మూస్తోంది. కావాలనే!

పక్కనున్న ముఠా మనిషి అది చూశాడు. చెయ్యి నడుం దగ్గరికి పోయింది.

"దొంగలు బావా! ఆ బోటుకి అడ్డం పెట్టు!" అరిచాడు పోలిరాజు.

ఎల్లాజీ తన బోటు వైపు పరుగెత్తాడు. ఇద్దరూ ఎక్కగానే బోటు దూసుకెళ్లి ముఠా బోటు ముక్కుని గుద్దింది. పోలిరాజు దూకాడు. ముఠా మనిషి పిస్తోలు ఖుష్నుమా నుదుటికి ఆనింది. ట్రిగ్గర్ నొక్కేలోగా ఐస్ కొక్కెం వాడి మణికట్టుని లాగేసింది. గుండు గాల్లోకి, పిస్తోలు నీళ్లలోకి.

ఖుష్నుమా పెట్టెని కావలించుకుని కూలబడింది.

"ఫోన్ లాక్కున్నారు. అనుమానించావా?"

"నిజం చెప్పాలంటే... కాసేపు."

ఆమె నవ్వలేదు. అతని చెయ్యి పట్టుకుని లేచింది.

కోస్ట్ గార్డ్ ముఠాని తీసుకెళ్లాక భీమశంకరరావు పరుగున వచ్చారు. మొక్కల్ని ఒక్కొక్కటే తడిమారు. అన్నీ క్షేమం. అంతలో ఆయన మొహం మాడింది.

"ఎర్రగా పండిన కాయ ఒకటుండాలే?"

ఖుష్నుమా పెదవి తుడుచుకుంది.

"నిన్నటి నుంచి తిండి పెట్టలేదు సార్. తియ్యగానే ఉంది, మీ రిపోర్టులో రాసుకోండి."