తాళం వేసిన కారులో కోడికూర

పిల్లలూ, ఈ సంగతి ఇంతవరకు మీ చెవిన పడలేదు. పెద్దవాళ్లు మీ ముందు ఎత్తరు. కానీ మీరూ కార్లేసుకొని కొండలకు పోయే వయసుకొచ్చారు. ఇక చెప్పక తప్పదు.

కరోనా రెండోసారి వచ్చిపోయి, సూరత్‌లో మగ్గాలు మళ్లీ ఆడుతున్న వానాకాలం అది. డిండోలిలో ఉండే ప్రమీల అప్పటికీ పాల ప్యాకెట్లను సబ్బుతో కడుగుతూనే ఉంది. ఏడాదిన్నరగా ఆరేళ్ల కొడుకు వినోద్‌ను గడప దాటనివ్వలేదు. ఆమె భర్త దేవదాస్ పల్సానాలో మగ్గాల మేస్త్రీ. పాత కారు ఒకటి కొని, ఆదివారం డాంగ్ కొండలెక్కుదామన్నాడు. బయటి తిండి ముట్టకూడదన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది. తెల్లవారకముందే లేచి బగారన్నం, కోడికూర వండి ఒకే గిన్నెలో సర్దింది.

ఊరి నుంచి అత్త లింగవ్వ ఫోన్ చేసింది. నీసు పట్టుకొని అడవిలోకి పోతున్నారు, గాలి సోకకుండా గిన్నె మీద బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెట్టుకోండని పదిసార్లు చెప్పింది. దేవదాస్ అవి పెట్టి స్నానానికి పోయాడు. ప్రమీల బొగ్గును చూసింది. మసి. ఎన్ని చేతులు మారిందో ఏమో. రెండూ చెత్తబుట్టలో పడేసి, మూతను శానిటైజర్‌తో తుడిచింది.

కొండ కింద కారు ఆపారు. తిరిగొచ్చి తిందామని, కూర పాడవకుండా గిన్నెను మంచుగడ్డలున్న థర్మాకోల్ డబ్బాలో పెట్టి, కోతుల కంట పడకుండా వెనక సీటు మీద ఉంచి దుప్పటి కప్పింది. అద్దాలు పైదాకా ఎక్కించింది. నాలుగు తలుపులూ లాగి చూసింది.

"బ్యాంకు తిజోరి గూడ గింత గట్టిగ మూయరు," అని దేవదాస్ ఎత్తిపొడిచాడు.

కొండెక్కి జలపాతం చూసి, బురద దారిలో దిగేసరికి పొద్దుగూకుతోంది. పొగమంచు కమ్మింది. చుట్టుపక్కల ఇంకో బండి లేదు. కారు అద్దాలన్నీ లోపలి నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. ఎవరో చాలాసేపు లోపల కూర్చుని ఊపిరి వదిలినట్టు...

తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీయగానే తడి మట్టి వాసన, దాని వెనకే నీసు వాసన. డబ్బా మీద దుప్పటి అలాగే ఉంది. గిన్నె మూత బిగించే ఉంది. లోపల ఏమీ లేదు. మెతుకు లేదు. ముక్క లేదు. బొక్క లేదు. నూనె మరక కూడా లేదు. నాకి నాకి తోమినట్టు మెరుస్తోంది.

"బొగ్గేది?" దేవదాస్ మూత తిరగేసి చూశాడు.

"మసి అంటుతదని తీసేసిన."

శుభ్రం శుభ్రమంటూ ఇన్నాళ్లూ ఊపిరాడనియ్యలేదనీ, ఇవాళ ఉన్న ఊపిరి కూడా తీసేలా ఉందనీ అతను పళ్లు కొరికాడు. ఆమె వినోద్‌ను ఎత్తుకొని ముందు సీట్లో కూర్చుంది.

కారు కదిలింది. వాన మొదలైంది. వైపర్లు టపటపా ఆడుతున్నాయి.

"అమ్మా... ఆకలైతుంది."

రోజుకు పదిసార్లు వినే మాట. ఆలోచించకుండానే నోటికొచ్చింది. "ఇంటికి పోయినంక పెడ్త, బిడ్డా."

ఒళ్లో వినోద్ తలెత్తాడు. "నేనేం అనలే, అమ్మా."

వెనక సీటు కిర్రుమంది. ఎవరో నిమ్మళంగా సర్దుకొని కూర్చున్నట్టు. దేవదాస్ వెనక్కి చూసే అద్దాన్ని పైకి తిప్పేశాడు.

ఆ రాత్రి ఇంట్లో ఆమె, పెడతానన్న ఆ గొంతుకు ఏమీ పెట్టలేదు. పొద్దున చూస్తే వినోద్ మోచేతి మీద పంటిగాట్లు. చిన్నవి. పాలపళ్లవి.

అప్పటి నుంచి ప్రమీల రోజూ నాలుగో కంచం పెడుతోంది. తెల్లారేసరికి అది తోమినట్టు మెరుస్తుంది. కారు అమ్మేశారు. ఇల్లు ఆల్థాన్‌కు మార్చారు. కంచం మాత్రం ఖాళీ అవుతూనే ఉంది.

మొన్న ఆమెకు జ్వరం వచ్చి ఒక్క పూట పెట్టలేకపోయింది. వినోద్ భుజం మీద ఈసారి రెండు గాట్లు. ఒకటి పెద్దమనిషి నోరంత, ఇన్నాళ్లూ ఆ కంచంలో తిని పెరిగినదానిది. దాని పక్కనే, కొత్తగా వచ్చి చేరిన ఇంకోదానిది... పాలపళ్లది.

మీ తర్వాతి వాళ్లకు ఇది చెప్పండి, పిల్లలూ. బండిలో ఆకలన్న మాట వినబడితే, అడిగిందెవరో కళ్లారా చూసుకున్నాకే బదులు పలకమనండి.